పద్నాలుగు వేల చీటీలు

ఎర్రమిట్ట, కుందుర్పి మండలం
4 జూన్ 2023

ఐజాక్,

నీ ఉత్తరం గురువారం అందింది. తేదీ వేయలేదు. కవరు మీది తపాలా ముద్ర చూసి మే 26 అని నేనే వేసుకున్నాను. నలభై ఒక్క ఏళ్ళు పాఠాలు చెప్పినవాడికి ఈ మాట ఇంకొకరు చెప్పాలా?

పని పూర్తయింది. నిన్న మధ్యాహ్నం పన్నెండున్నరకు చివరి చీటీ ఎత్తిరాశాను. మొత్తం చీటీలు పద్నాలుగు వేల రెండు వందల పన్నెండు. నోటు పుస్తకాలు నలభై ఆరు. నీ చేయి వణకడం మొదలై, నీ రాత నీ శిష్యులకే అంతుపట్టడం లేదని, నువ్వు మొదటి బిస్కెట్ డబ్బా నిండా చీటీలు పంపింది 1997 ఆగస్టు 11న. ఒక్కో చీటీ మీద ఒక లాటిన్ మాట, దాని కింద తెలుగు. లాటిన్ నాకు రాదు. అక్షరాలు చూసి బొమ్మ దించినట్టు దించాను. తెలుగు మాత్రం నాకు వచ్చు.

పుస్తకాలన్నీ ట్రంకుపెట్టెలో పెట్టి, తాళం వేసి, ఓబుళేసు టమాటా బండిలో పంపుతున్నాను. తాళంచెవి ఈ కవరులోనే ఉంది. అన్నీ పూర్తయ్యాకే ఇస్తానని మొదటే చెప్పాను, అలాగే ఇచ్చాను. ఇక్కడికి వచ్చినప్పుడల్లా పెట్టె తెరవమని గొడవ చేసేవాడివి. ఇప్పుడు తీరిగ్గా తెరుచుకో.

వాన: జూన్‌లో ఇప్పటివరకు ఒక్క రోజు, నాలుగు మిల్లీమీటర్లు.

జాయ్ ఫోన్ చేసుకోండి అంటుంది. నా చెవికి ఫోన్ అందదని దానికి తెలుసు, అయినా అంటుంది. నా మనవరాలు కదా, చెప్పిందే చెబుతుంది. కంటి డాక్టరు ఏమన్నాడో దాచకుండా రాయి.

అక్క,
అక్కమ్మ


బెంగళూరు
18 జూన్ 2023 (తేదీ వేశాను, చూసుకో)

అక్కా,

పెట్టె చేరింది. ఓబుళేసు దాన్ని నా గదిలో దించి, "ఏముండాది సార్ దీంట్లో, బండరాళ్ళా?" అన్నాడు. ఇరవై ఆరేళ్ళు అన్నాను. టీ తాగి పోయినాడు.

డాక్టరు మాట దాచను. ఎడమ కన్ను పోయింది. కుడి కన్ను క్రిస్మస్ దాకా ఉంటే గొప్ప. ఈ ఉత్తరం గీతల మీద సరిగ్గా నిలబడకపోతే నన్ను కొట్టకు. నేను నా చేత్తో రాసే ఆఖరుది ఇదే కావచ్చు. ఇకమీదట ప్రతి ఆదివారం జాయ్ ఆసుపత్రి డ్యూటీ దిగి వస్తానంది. నీ ఉత్తరాలు అది చదువుతుంది, నావి అది రాస్తుంది.

పోయినసారి నేను ఊరికి వచ్చినప్పుడు అడిగావు, ఇంత పని ఎవరి కోసం అని. నాకూ తెలియదు. 1972లో నా మొదటి క్లాసులో అరవై రెండు మంది. ఆఖరి క్లాసులో ముగ్గురు, అందులో ఒకడు నిద్రపోయేవాడు. నా శిష్యుల్లో ఇద్దరు బిషప్పులయ్యారు. ఇద్దరికీ లాటిన్ రాదు. ఫాదర్లను తయారుచేసే మా సెమినరీలో ఇప్పుడు ఆ పాఠమే లేదు. లాటిన్ పుస్తకాలు అల్మారాల నుంచి వరండాలోకి, వరండా నుంచి గోతాల్లోకి పోయాయి. గోతాల పక్కనే నాకొక గది ఇచ్చారు. పుస్తకాలకూ నాకూ పారేసే తేదీ ఒకటే వేసి ఉంటారు.

కానీ ఒక మాట నీకెప్పుడూ చెప్పలేదు. పంతొమ్మిదేళ్ళప్పుడు సెమినరీలో మొదటిసారి రెండువేల ఏళ్ళ కిందటి రోమన్ సేద్యపు పుస్తకం ఒకటి చదివాను. ఎండిన నేల, ఎద్దులు, మడక, కల్లం, రాని వాన. ఇది మన ఊరు కదా అనుకున్నాను. ఇంగ్లీషు నిఘంటువులో అర్థం చూస్తే ఏమీ కదల్లేదు. అమ్మ నోటి మాట పక్కన పెట్టి చూస్తే పేజీ కదిలింది. కూలికి పోయే అమ్మ, సంతకం రాని అమ్మ, రాజుల భాషకు జోడీగా నిలబడింది. నేను ఫాదర్ కాకుండా ఆగిపోయి ఈ పని పట్టుకున్నది అందుకే. అమ్మ పేరు ఎక్కడా ఉండదు. అమ్మ మాటలుంటాయి.

ప్రెస్సులో దేవేంద్ర అని పామిడి అబ్బాయి కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నాడు. నీ దస్తూరీ చూసి ముత్యాలన్నాడట.

నీ తమ్ముడు
ఐజాక్


ఎర్రమిట్ట
10 జూలై 2023

ఐజాక్,

నీ ఉత్తరంలో గీత దాటిన వరుసలు పదకొండు. కొట్టను. దాచి పెట్టుకున్నాను.

కన్ను గురించి చదివి ప్రార్థన చేశాను. అంతకుమించి నా చేతిలో ఏముంది?

జాయ్ చదివి వినిపించడం మంచిదే. దాని తెలుగు మాత్రం నమ్మకు. పదో తరగతి వరకు ఇంగ్లీషు బడి. నేను నేర్పిన నాలుగు ముక్కలే దానికి వచ్చిన తెలుగు.

ప్రూఫులు చదివించుకోవాలని అనుకుంటున్నావేమో, ఆ శ్రమ అక్కరలేదు. ప్రతి పుస్తకం రెండుసార్లు సరిచూశాను. నీ ఓపిక ముందుమాటకు దాచుకో. అమ్మ గురించి నువ్వు రాసింది చదివాను. ఆ సంగతి ఇరవై ఆరేళ్ళ కిందటే రాయవలసింది.

వాన: జూన్ మొత్తం రెండు రోజులు, పదిహేడు మిల్లీమీటర్లు. జూలైలో చుక్క లేదు. విత్తనం వేరుశనగ కాయలు ఇంకా గోతాల్లోనే ఉన్నాయి.

అక్కమ్మ


బెంగళూరు
6 ఆగస్టు 2023

అక్కా,

జాయ్‌కి చెప్పినాను, నేను ఎట్ల మాట్లాడితే అట్లే రాయమని. దీని మీద నీ ఎర్ర సిరా పెట్టొద్దు.

ప్రూఫులు వచ్చినాయి. జాయ్ చదువుతాండాది, నేను వింటాండా. మొదట అరాత్రుమ్. చీటీ మీద నేను ఏం రాసినాను? మడక. జాయ్ ఏం చదివింది? హలము. మళ్ళీ చదువు పాపా అన్నా. హలము అనే ఉండాది తాతా అంది. తరవాత సితిస్. నేను రాసింది దప్పి, ఈడ ఉండేది పిపాస. ఆరెయా అంటే కల్లం అని రాసినాను. ధాన్యమర్దన స్థలము అంట! మన అమ్మ ఎప్పుడన్నా ధాన్యమర్దన స్థలంలో చెనిక్కాయలు ఎండబెట్టిందా అక్కా? వాన తేకుండా వచ్చి పోయే మబ్బును అమ్మ దొంగమబ్బు అనేది. దాన్ని నిర్జల మేఘము చేసినారు.

ఆడొకటి ఈడొకటి నలభై పేజీలు విన్నా. అమ్మ యాడా లేదు.

ఇదంతా ఆ దేవేంద్ర పని. తెలుగు ఎమ్మే చదివినాడంట. చదువు ఎక్కువై నా పుస్తకాన్ని దిద్దినాడు. ప్రెస్సాయన్ని పిలిపించి గట్టిగా అరిచినా. వాడు "నేను ఉన్నదే కొట్టినాను సార్" అని ఒకటే మాట. అబద్ధం కూడానా! ప్రెస్సాయన వాన్ని పనిలోంచి తీసేసినాడు.

నువ్వు ఒక పని చెయ్. నా చీటీలు పంపు. అన్నీ. మొదటి నుంచి మళ్ళీ ఎక్కిస్తాం. నా కన్ను ఉండేలోగా కాకపోయినా, నా చెవి ఉండేలోగా.

ఐజాక్

(అవ్వా, తాత రెండు రోజుల నుంచి సరిగ్గా తినలేదు. — జాయ్)


ఎర్రమిట్ట
14 ఆగస్టు 2023

ఐజాక్,

ముందు అన్నం తిను. పుస్తకం తరువాత.

చీటీలు పంపడం వీలు కాదు. చెదలు పట్టాయి. నీకు చెబితే బాధపడతావని రాయలేదు.

ఆ అబ్బాయి విషయంలో తొందరపడ్డావనిపిస్తోంది. పని తెలిసినవాణ్ణి ఒక్క రోజు కోపంతో తీసివేయించడం సరి కాదు. అతనికి పెళ్ళయిందా? ఇంట్లో ఎవరెవరు ఉన్నారు? ఇంకొకసారి ప్రెస్సువారితో మాట్లాడు.

ఇంకొక సంగతి ఆలోచించు. హలము తప్పు మాట కాదు. పిపాస తప్పు కాదు. పెద్ద పెద్ద నిఘంటువులలో ఉన్నవే. చదువుకున్నవారు చదివే పుస్తకంలో అవే ఉంటే నీకు గౌరవమే కదా?

వాన: లేదు. నలభై ఎనిమిది రోజులైంది.

అక్కమ్మ


బెంగళూరు
3 సెప్టెంబర్ 2023

అక్కా,

నువ్వు కూడా హలము తట్టు మాట్లాడతాండావే. ముసలితనం నీకూ వచ్చినట్టుండాది.

చెదలు తింటే తిననీ. సగం తిన్నవి పంపు, కాలు భాగం తిన్నవి పంపు. రెండువేల ఏళ్ళ కిందటి కాగితాలను పురుగులు తినంగా మిగిలిన ముక్కలతోనే మా లాటిన్ వాళ్ళు బతికింది. ముక్క దొరికితే మాట పట్టుకుంటా. జాయ్‌కి దసరాకు నాలుగు రోజులు సెలవు ఇస్తారంట. ఎర్రమిట్టకు వస్తాది. ఉండేటివన్నీ మూట కట్టి ఇయ్యి.

దేవేంద్ర సంగతి అడిగినావు. పెండ్లి కాలేదు. పోయిన బుధవారం వాళ్ళమ్మ పామిడి నుంచి వచ్చి సెమినరీ గేటు కాడ కూర్చున్నాది. "మా పిల్లోడు దొంగ కాదు సామీ" అంటాది. నేను దొంగ అన్లేదు, దిద్దినాడు అన్నాను. "దిద్దితే తప్పా సామీ?" అంటాది! ఏం చెప్పల్ల ఆయమ్మకు? సాయంత్రందాకా కూర్చొని పోయింది. పామిడిలో కూడా మడకనే అంటారు కదక్కా. వానికి అంత సిగ్గెందుకో నాకు అర్థం కాలేదు.

ఐజాక్

(అవ్వా, ఇది తాత చెప్పింది కాదు, నేను రాస్తున్నాను. నీ నోటు పుస్తకాలు నలభై ఆరూ ప్రెస్సు బీరువాలో ఉన్నాయి. దేవేంద్ర నన్ను ఒక్కసారి వచ్చి చూడమన్నాడు. నేను ఇంకా పోలేదు. చూడమంటావా? — జాయ్)


ఎర్రమిట్ట
9 సెప్టెంబర్ 2023

జాయ్, ఈ ఉత్తరం తాతకు మొదటి నుంచి చివరి దాకా చదువు. ఒక్క ముక్క వదలకు. నెమ్మదిగా చదువు. ప్రెస్సుకు పోనక్కరలేదు.

ఐజాక్,

దేవేంద్ర ఏమీ దిద్దలేదు. అతను నా పుస్తకాలలో ఉన్నదే ఎక్కించాడు. దిద్దింది నేను.

చెదలు పట్టలేదు. ప్రతి డిసెంబరులో, ఆ ఏడాది ఎత్తిరాసిన చీటీలను నీళ్ళపొయ్యిలో వేశాను. ఈ ఏడాదివి మాత్రం జూన్‌లోనే వేశాను. ఒకటీ మిగలలేదు. జాయ్ రావలసిన పని లేదు.

మొదటి వారం ఉన్నది ఉన్నట్టే రాశాను. రెండో వారం నుంచి మార్చడం మొదలుపెట్టాను. ఎన్ని మార్చానో చెప్పలేను. నా జీవితంలో లెక్క రాయని పని అదొక్కటే.

నీకు తెలియని సంగతి ఒకటి రాస్తాను. 1961లో అనంతపురంలో టీచరు ట్రైనింగులో ఉన్నప్పుడు, పరీక్షాధికారి ముందు మూడో తరగతి పిల్లలకు పాఠం చెప్పాను. రైతు బొమ్మ చూపించి, "ఇది మడక" అన్నాను. ఆయన లేచి నిలబడ్డాడు. "కూలివాళ్ళ వాడలో మాట్లాడే భాష బడిలోకి తెస్తావా?" అన్నాడు. నలభై మంది ముందు నన్ను నిలబెట్టి నాగలి, నాగలి అని పదిసార్లు అనిపించాడు. అందరూ నవ్వారు. మన తాలూకా వాళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళు ఎక్కువ నవ్వారు. ఆ వారం ఇంటికి రాలేదు. అమ్మ గొంతు వినాలనిపించలేదు. నాకు ఇరవై ఏళ్ళు. అది నేను ఎవరికీ చెప్పలేదు, ఫాదర్ ముందు చేసే పాపసంకీర్తనంలో కూడా.

నీ చీటీలు వచ్చినప్పుడు చూశాను. లాటిన్ మాట, దాని కింద అమ్మ మాట. ఈ పుస్తకాన్ని ప్రొఫెసర్లు చదువుతారు, బిషప్పులు చదువుతారు, నవ్వుతారు అనుకున్నాను. నా తమ్ముణ్ణి ఎవరూ నలభై మంది ముందు నిలబెట్టకూడదనుకున్నాను. అందుకు చేశాను. నీ కోసమే చేశానని ఇన్నేళ్ళూ అనుకున్నాను. అంత వరకే నిజమో కాదో ఇప్పుడు నాకే తెలియడం లేదు.

ప్రెస్సువారికి వేరే ఉత్తరం రాశాను. దేవేంద్రకూ, వాళ్ళమ్మకూ రాశాను. నువ్వు కూడా అతన్ని క్షమాపణ అడగాలి.

జాయ్, అబద్ధం చెప్పినందుకు నీ చేతుల మీద ఎన్నిసార్లు కొట్టానో నాకు గుర్తుంది. నీకూ గుర్తుండి ఉంటుంది.

అక్కమ్మ


బెంగళూరు
22 అక్టోబర్ 2023

అక్కమ్మ గారికి,

మీ ఉత్తరం జాయ్ రెండుసార్లు చదివింది.

దేవేంద్రను పిలిపించి తప్పయింది అని చెప్పినాను. వాడు ప్రెస్సుకు తిరిగి వచ్చినాడు. వాళ్ళమ్మ రాలేదు.

పుస్తకం ఉన్నది ఉన్నట్టు అచ్చు వేసుకోమని చెప్పినాను. క్రిస్మస్‌కు వస్తాది. దాని మీద నా పేరు వేయొద్దన్నాను. మీ పేరు వేస్తారు. ఇది మీ పుస్తకం. నేను రాసింది పొయ్యిలో పోయింది.

కుడి కన్ను పోయిన సోమవారం పోయింది.

ఐజాక్

(అవ్వా, మీ, మీరు అని తాతే చెప్పి రాయించినాడు. నేను మార్చలేదు. — జాయ్)


ఎర్రమిట్ట
16 నవంబర్ 2023

ఐజాక్,

డెబ్బై ఎనిమిదేళ్ళలో నువ్వు నన్ను మీరు అనడం ఇదే మొదలు. అది నాకు తగినదే.

అచ్చు ఆపమని ప్రెస్సువారికి రాశాను. నా పేరుతో పుస్తకం రాకూడదు. వస్తే దాని మీద దావా వేస్తానని కూడా రాశాను. వేసే ఓపిక లేదు, అది వాళ్ళకు తెలియదు కదా.

చీటీలు తేలేను. మాటలు తేవచ్చుననుకున్నాను. ఊళ్ళోనే ఉన్నాయి కదా, పుస్తకం పట్టుకుని అడిగి రాసుకుందామని బయలుదేరాను. మొదట ఆదెన్న దగ్గరకు పోయాను. గొర్రెలు కాసుకునే ఆదెన్న, నా మొదటి బ్యాచి. అరవై ఎనిమిదేళ్ళు. మిట్ట మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి చేతులు కట్టుకున్నాడు.

"కూర్చో ఆదెన్నా. నీళ్ళు తాగాలనిపించడాన్ని మీ అమ్మ ఏమనేది?"

"దాహము, టీచరమ్మా."

"అది నేను చెప్పింది. మీ అమ్మ ఏమనేది?"

"దాహమే, టీచరమ్మా."

"నిజం చెప్పు. నేను కొట్టను."

"మీరు కొట్టిన దెబ్బ ఇంకా ఈ చేతి మీద ఉండాది..." అని నాలుక కరుచుకుని, "ఉంది, టీచరమ్మా" అన్నాడు.

లక్ష్మీదేవమ్మ ఇంటికి పోయాను. నేను గుమ్మంలో ఉండగా లోపల కోడలిని తిడుతూ ఉంది, ఒక్కో మాట అచ్చం అమ్మ నోట్లోంచి వచ్చినట్టు. నన్ను చూడగానే, "రండి టీచరమ్మ గారూ, ఎక్కడి నుంచి వస్తున్నారు?" అంది. అంతే. తలుపు మూసుకున్నట్టు. ఎంత అడిగినా రేడియో వార్తల తెలుగు. చివరికి, "తప్పు మాటలని మీరే కదా అన్నారు, ఇప్పుడు రాసుకుని ఏం చేస్తారమ్మా? మమ్మల్ని నవ్వుకోవడానికా?" అని అడిగింది.

పద్నాలుగు ఇళ్ళు తిరిగాను. పుస్తకంలో పద్నాలుగు ఇళ్ళ పేర్లు ఉన్నాయి. మాట ఒక్కటి లేదు. పిల్లలను అడిగితే వాళ్ళకు నిజంగానే తెలియదు. ముప్పై నాలుగేళ్ళు ఈ ఊళ్ళో నేను ఎంత బాగా పని చేశానో ఇప్పుడు తెలిసింది.

వాన లెక్క రాయడం లేదు. ఈ ఏడు మండలం మొత్తానికి కాయ రాలేదు.

అక్కమ్మ


బెంగళూరు
10 డిసెంబర్ 2023

అక్కా,

కోపం పోలేదు. పోతాదని చెప్పను. అయితే నీతో పని పడింది, అందుకని రాయిస్తాండా.

అచ్చు ఆపినారు. మంచిది. నాకు నేనే మళ్ళీ చెప్పి రాయిద్దామని కూర్చున్నా. దేవేంద్ర రోజూ సాయంత్రం వస్తాడు, దుడ్లు వద్దంటాడు. లాటిన్ మాట నేను అంటా. అది వస్తాది అక్కా, వరసగా వస్తాది, అరవై ఏళ్ళ కిందట ఫాదర్ నేర్పినట్టే. దాని కింద మాట రాదు. స్తీవా అన్నా. మడక పట్టుకునే పిడి. మేడి. అది వచ్చింది. ఆ తరవాత పదకొండు మాటలకు నోరు తెరుచుకొని కూర్చున్నా. ఆ పిల్లోడు ఎదురుచూస్తాండాడు. హలము, పిపాస, అవే చెవిలో తిరుగుతాండాయి.

చీటీ మీద రాసినాను కదా అని మర్చిపోయినానక్కా. రాసిపెడితే ఉంటాదనుకొని తల్లోంచి తీసేసినా. పదిహేడేళ్ళకు ఊరు విడిచినోన్ని. నా దగ్గర ఉండేది అంత మాత్రమే.

నువ్వు అట్ల కాదు. ఒక్కో మాటనూ పట్టుకొని, చూసి, సిగ్గుపడి కొట్టేసినావు. నువ్వు కొట్టేసింది నీకు గ్యాపకం లేకుండా ఎట్ల ఉంటాది? ఊరోళ్ళను ఎందుకు అడుగుతావు? నిన్ను నువ్వు అడుగు.

ఇది వేడుకోవడం కాదు. నువ్వు తీసుకున్నది తిరిగి ఇయ్యమంటాండా.

ఐజాక్


ఎర్రమిట్ట
7 జనవరి 2024

ఐజాక్,

నువ్వు అన్నది నిజం. గుర్తున్నాయి. నీ ఉత్తరం చదివిన రోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు తలుపు వేసుకుని ఒక మాట పైకి అన్నాను. అరవై రెండేళ్ళ తరువాత. ఎవరన్నా వింటున్నారేమో అని కిటికీ చూశాను. అంత పిరికిదాన్ని.

ఆ తరువాత ఒకటి వెంట ఒకటి వస్తున్నాయి. అక్షర క్రమంలో రావు. అమ్మ పని చేసిన క్రమంలో వస్తాయి. తెల్లవారి కసువు ఊడ్చేటప్పటివి ముందు, సద్ది మూట కట్టేటప్పటివి తరువాత, చేలో వంగినప్పటివి ఆ తరువాత. నాకు వచ్చిన వరుసలోనే రాసి పంపుతున్నాను. లాటిన్ పక్కన చేర్చడం మీ ఇద్దరి పని. ఇప్పటికి మూడు వందల ఎనభై ఆరు. అమ్మ ఏ సందర్భంలో ఏమని తిట్టిందో అదీ రాశాను. నన్ను తిట్టినవి కూడా. దేవేంద్రకు చెప్పు, అందులో ఏదీ దిద్దవద్దని. నేనూ దిద్దలేదు.

దాచకుండా రాయమని నీకు నేను చెప్పాను కనుక నేనూ దాచను. పోయిన నెల పెన్షను ఆఫీసులో నా పుట్టిన ఊరు అడిగితే కాసేపు తట్టలేదు. క్రిస్మస్ రోజు గుడిలో, సెలవుకు వచ్చిన జాయ్ పేరు రాలేదు, నువ్వు అని పిలిచి గడిపాను. అది గమనించింది. డాక్టరు మెదడు బొమ్మ తీసి చూపించి ఈ మతిమరపు ఇంకా పెరుగుతుందన్నాడు. రోజుకు పదిహేను మాటలకు మించి చేయి సాగదు. నేను మార్చినవి మూడు వేలకు తక్కువ ఉండవు. లెక్క నువ్వు వేసుకో. నేను వేసుకున్నాను.

అందుకని ఇక పొద్దున లేవగానే ముందు ఇదే పని. ప్రార్థన తరువాత.

ఒక చోట ఆగిపోయాను. అది నీకు చెప్పాలి. స్పీకిలేగియుమ్. ఆ చీటీ నాకు కళ్ళకు కట్టినట్టుంది. నీలం సిరా, ఒక మూల టీ మరక. కోత అయిపోయి రైతు పంట ఇంటికి తోలుకున్నాక, చేలో రాలి మిగిలినవి ఏరుకోవడం అని నువ్వు వివరం రాశావు. కింద అమ్మ మాట. అమ్మ మనిద్దరినీ చెరొక పక్కన పెట్టుకుని ఆ పనికే పోయేది. పొద్దుగూకేదాకా మట్టి గోకి, వొడిలో పోసుకుని వచ్చేవాళ్ళం. ఆ కాయలతోనే నేను చదివాను, నువ్వు చదివావు. పొద్దున్నే అమ్మ ఆ మాట అనే మనల్ని లేపేది. లేపిన గొంతు వినిపిస్తోంది. మాట రావడం లేదు.

నేను ఎక్కించింది మాత్రం ఉంది. శిలోంఛవృత్తి. ఆ చీటీ పొయ్యిలో వేసిన రోజు కూడా గుర్తుంది.

పరిగ ఏరడం అని పుస్తకాల్లో ఉంటుంది. అమ్మ అన్నది అది కాదు. లక్ష్మీదేవమ్మ కాళ్ళు పట్టుకున్నంత పని చేసి అడిగాను. వాళ్ళ అమ్మ కూడా మన అమ్మతోనే వచ్చేది. "యాడ గుర్తుంటాదక్కా, మిషన్లు వచ్చినాక ఆ పనే లేదు కదా" అంది. మొదటిసారి నాతో అలా మాట్లాడింది. కానీ ఆమెకూ రాలేదు.

ఇరవై రోజులు చూశాను. నీకు వస్తే వేయించు. రాకపోతే అక్కడ నా మాట వేయవద్దు. పుస్తకం మాటా వేయవద్దు. లాటిన్ పక్కన ఆ చోటు ఖాళీగా వదిలేసి అచ్చు వేయించు. ఇలాంటివి ఇంకా వస్తాయి. ఒక్కొక్కటీ అట్లే ఖాళీగా వదిలెయ్యి.

మీ అక్క